ఫ్రిజ్‌కి ఒక గూడు

మా చెరుకుపల్లి వైపు చాలా ఇళ్ళల్లో ఫ్రిజ్ వంటింట్లో ఉండదు, హాల్లో ఉంటుంది. మన దేశంలో గోద్రెజ్ వాళ్ళు మొదటి ఫ్రిజ్ తయారుచేసింది 1958లోనే అయినా, మా పల్లెల దాకా అది రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. వచ్చాక దాన్ని ఎవరు దాచుకుంటారు చెప్పండి? వచ్చినవాళ్ళకి కనబడేలా టీవీ పక్కన నిలబెట్టి, పైన లేసు గుడ్డ పరిచి, హ్యాండిల్‌కి తొడుగు వేసి ముద్దుగా చూసుకునేవాళ్ళం. కాలం మారాక లేసు గుడ్డ మీదికి కరెంటు బిల్లులు, శుభలేఖలు, మందుల డబ్బా, తాళాలు చేరాయి. మా ఇంట్లో ఫ్రిజ్ నెత్తిన మొన్నటి దాకా ఒక విస్తరాకుల కట్ట కూడా ఉండేది.

ఇప్పుడు కాలం పూర్తిగా తిరగబడింది. ఫ్రిజ్ అసలు కనబడకూడదట. అల్మరాలో కలిసిపోయి, గోడలోంచి పుట్టినట్టు ఉండాలట. గుంటూరులో చదువుకుంటున్న మా అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడల్లా ఫోన్లో ఫొటోలు చూపించి, "అమ్మా, మన వంటిల్లు కూడా ఇలా చేయిద్దాం" అని ఒకటే పోరు. అలా లోపల అమర్చడానికే తయారుచేసిన ఫ్రిజ్‌లు వేరే ఉంటాయి, వాటి ధర లక్షకు పైమాటే. నా దగ్గరున్నది చీటీ పాడగా వచ్చిన ఇరవై వేలు. పైగా మా ఫ్రిజ్ కొని ఆరేళ్ళే అయింది, చక్కగా పనిచేస్తోంది. పూలపూల వైన్ రంగుది అయినంత మాత్రాన పారేస్తామా?

తెనాలిలో ఒక షాపులో అడిగితే, ఉన్న ఫ్రిజ్ చుట్టూ అల్మరా కట్టి, ముందు తలుపులు పెట్టి మూసేయడానికి నలభై ఐదు వేలు అవుతుందన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పగానే మా వారు లెక్కలు వేయడం మొదలుపెట్టారు. మా అత్తయ్య మాత్రం డబ్బు సంగతి ఎత్తలేదు. "అన్ని తలుపులూ ఒకటేమాదిరిగా ఉంటే నా మందు ఎక్కడుందో నాకెట్టా తెలిసిద్దమ్మాయ్?" అంది.

ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. షుగరు. పొద్దున్నా రాత్రీ ఇన్సులిన్ తనే తీసుకుంటుంది, ఎవర్నీ లేపదు. చూపు మందగించింది కాబట్టి చేత్తో తడుముకుంటూ వెళ్ళి, ఫ్రిజ్ హ్యాండిల్ పట్టుకుని తలుపు తీసి, మధ్య అరలో ఎడమ పక్కనున్న డబ్బా అందుకుంటుంది. ఇంట్లో ఆవిడ ఎవరి సాయమూ లేకుండా చేసుకునే పనుల్లో ఇప్పటికి మిగిలినవి రెండో మూడో. వాటిలో ఇదొకటి. అందం కోసం అది కూడా లాక్కుంటే ఎలా?

ఆ రోజే నాలో నేను ఒక మాట అనుకున్నాను. ఫ్రిజ్‌కి గూడు కడదాం కానీ ముసుగు మాత్రం వేయొద్దు.

గూడు అనే మాట నాకు మొదటినుంచీ ఇష్టం. పిట్ట కట్టుకునేదీ గూడే, పాత పెంకుటిళ్ళ గోడల్లో దీపం పెట్టుకునేదీ గూడే. మా అమ్మమ్మ వాళ్ళ ఇంట్లో మూరెడు మందం గోడల్లో గూళ్ళు, గోడ అల్మరాలు, పైన అటక, వంటింట్లో ఉట్టి ఉండేవి. సామాను ఇంట్లోనే కలిసిపోవడం మనకేం కొత్త కాదు. పాలు, పెరుగు, మిగిలిన కూరలు పెట్టడానికి జాలీ తలుపుల బీరువా ఒకటి ఉండేది. దాని కాళ్ళ కింద చీమలు ఎక్కకుండా నీళ్ళ గిన్నెలు. ఆ జాలీ ఎందుకంటే లోపలికి గాలి ఆడాలని. దాచినా ఊపిరి ఆడేలా దాచడం వాళ్ళకి తెలుసు.

వంటింటి సామానంతా కొలిచి, గోడలకి అమర్చే పద్ధతికి పేరు తెచ్చిన వంటిల్లు ఒకటి జర్మనీలో ఉంది. 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కట్టిన కొత్త ఇళ్ళ కోసం మార్గరెటె షూట్టె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు గీసిన వంటిల్లు అది. సుమారు పదివేల ఇళ్ళలో అదే పెట్టారట. దాని కొలత ఎంతో తెలుసా? 1.9 మీటర్లు, 3.4 మీటర్లు. అంటే ఆరుంపావు అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు. మా వంటిల్లే దానికన్నా పెద్దది! ఆవిడ చూసుకున్నది హంగు కాదు, ఆడవాళ్ళు ఎన్ని అడుగులు నడవాల్సి వస్తోంది, ఏది చేతికి అందుతోంది అన్నదే. నేనూ అక్కడినుంచే మొదలుపెట్టాను.

ముందు ఫ్రిజ్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. అది చల్లదనాన్ని పుట్టించదు. లోపలున్న వేడిని లాగి బయట పోస్తుంది. పాత ఫ్రిజ్‌లకి వెనకాల నల్లటి గొట్టాల జాలీ కనబడేది, వేడి అక్కడినుంచి పోయేది. ఇప్పుడొచ్చే చాలా ఫ్రిజ్‌లలో ఆ గొట్టాలు పక్క రేకుల లోపల ఉంటాయి. అందుకే పక్కన చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. చాలామంది చెడిపోయిందేమోనని కంగారుపడతారు, చెడిపోలేదు, అది దాని పని. ఆ వేడి పోయే దారి మూసేస్తే మిషను ఆగకుండా తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, లోపల చల్లదనం తగ్గుతుంది. లోపలే అమర్చే ఖరీదైన ఫ్రిజ్‌లకి గాలి తీసుకునే దారీ, వదిలే దారీ ముందే పెట్టి తయారుచేస్తారు. మన మామూలు ఫ్రిజ్‌లకి ఆ దారులు మనమే వదలాలి.

ఇన్సులిన్ ఉన్న ఇంట్లో ఇది ఇంకా ముఖ్యం. తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకడితే ఇక పనికిరాదు, అందుకే ఫ్రీజర్‌కి ఆనించి పెట్టకూడదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంట్లో కరెంటు లేక, ఇన్సులిన్‌ని చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని తడిపిన మట్టికుండలో ఉంచాం. చలికాలం కాబట్టి గడిచిపోయింది. మే నెలలో మనమే అందం కోసం ఫ్రిజ్‌ని ఉక్కిరిబిక్కిరి చేస్తే?

ఇక పని సంగతి. ఫ్రిజ్‌తో వచ్చిన పుస్తకం వెతికి, చుట్టూ ఎంత ఖాళీ వదలమన్నారో చూసుకున్నాను. ఒక్కో ఫ్రిజ్‌కి ఒక్కోలా ఉంటుంది, మీరు మీదే చూసుకోండి. మాది రెండు తలుపుల ఫ్రిజ్. వెడల్పు ఇరవై రెండు అంగుళాలు, ఎత్తు ఐదడుగులు. పక్కలకి రెండేసి అంగుళాలు, వెనక మూడు, పైన ఆరు వదిలాం.

మా మేస్త్రి పెద్దాయన, లెక్క తెలిసినవాడు. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉంటుంది. నిలువునా రెండుగా కోస్తే రెండడుగుల వెడల్పు చెక్కలు రెండు వస్తాయి, ముక్క వృథా పోదు. అవే ఫ్రిజ్‌కి అటూ ఇటూ నిలబెట్టే గోడలు. అయితే వెనక ఖాళీ వదిలితే రెండడుగుల చెక్క ఫ్రిజ్ ముందు దాకా చాలదు కదా? మేస్త్రి చెక్కల్ని గోడకి ఆనించకుండా మూడంగుళాలు ఇవతలికి జరిపి నిలబెట్టాడు. ముందు కొలత సరిపోయింది, వెనక గాలికి దారీ దొరికింది. చెక్క అంచు ఫ్రిజ్ ఒంటి దాకా వచ్చి ఆగుతుంది, తలుపు మందం మాత్రం బయటికి ఉంటుంది. తలుపు బారుగా తెరుచుకుంటేనే కూరగాయల ట్రే బయటికి వస్తుంది కాబట్టి అలాగే ఉండాలి.

ఫ్రిజ్ పైన ఆరంగుళాలు వదిలి, అక్కడినుంచి సజ్జ దాకా చిన్న అల్మరా కట్టాం. పండగలకి వాడే పెద్ద గిన్నెలు, పాత విస్తరాకుల కట్ట అందులోకి వెళ్ళాయి. పైనున్న ఆరంగుళాల సందుకీ, వెనక పక్కలకీ స్టీలు జాలీ కొట్టించాం. మాది పొలాల మధ్య ఊరు, ఎలుకలకి ఫ్రిజ్ వెనకున్న వెచ్చదనం అంటే మహా ఇష్టం. జాలీ ఉంటే గాలి పోతుంది, ఎలుక రాదు. ప్లగ్గు వెనకాల ఉండిపోతే ఉరుములొచ్చినప్పుడు తీయలేం కాబట్టి, పక్కన చేతికి అందేలా మార్పించాం. స్టెబిలైజర్ కూడా అక్కడే, గోడకి.

ప్లైవుడ్ నీళ్ళకి తట్టుకునే రకం తీసుకున్నాం, షీటు మీద ఐఎస్ 710 అన్న గుర్తు చూసుకుని. మా నేల చెమ్మకీ, చెదకీ మామూలు చెక్క నిలవదు. చెక్కల అడుగు అంచులు నేలకి తగలకుండా చిన్న కడప రాతి ముక్కల మీద నిలబెట్టాం. పైన వేసిన మైకా లేత గోధుమ రంగు. ఫ్రిజ్ తలుపుల మీద పూలు కనబడకుండా అదే రంగు స్టిక్కర్ అంటించాం. తలుపులకే సుమా, వేడి వదిలే పక్క రేకులకి ఏదీ అంటించకూడదు.

ఖర్చు చెప్తాను, మీరంతా అడిగేది అదే కదా. ప్లైవుడ్ రెండు షీట్లు 7,400. మైకా 2,600. బందులు, హ్యాండిళ్ళు, జిగురు, బీడింగ్ 1,200. మేస్త్రికీ సాయం కుర్రాడికీ రెండు రోజుల కూలి 3,600. కరెంటు పని 600. స్టిక్కర్ 500. జాలీ 250. తెనాలి నుంచి ఆటో 850. మొత్తం 17,000.

పని మొదలుపెట్టకముందు ఒక రాత్రి మధ్య అరలో గ్లాసు నీళ్ళలో థర్మామీటరు ఉంచి, పొద్దున్నే చూశాను. 4 డిగ్రీలు ఉంది. గూడు కట్టిన వారానికి మళ్ళీ చూస్తే 4. మే నెల ఎండల్లో 5. అంతకన్నా నాకు కావలసింది ఏముంది?

మా అమ్మాయి మొదట మూతి ముడిచింది. "తలుపు కనబడుతూనే ఉందిగా అమ్మా, ఇది బిల్ట్-ఇన్ ఎలా అవుతుంది?" అంది. ఆ రాత్రి నాయనమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళడం అది చూసింది. ఫ్రిజ్ హాల్లోంచి కొత్త చోటుకి వచ్చింది కదా, ఆవిడ ఒక్క క్షణం ఆగి, చెక్క అంచు పట్టుకుని, అక్కడినుంచి వేళ్ళు జరుపుకుంటూ హ్యాండిల్ దొరకబుచ్చుకుంది. లైటు కూడా వేయలేదు. అమ్మాయి నా దగ్గరికొచ్చి, "ఆ అంచుకి గరుకు టేపు ఒకటి అంటిద్దామా అమ్మా, నాయనమ్మకి ఇంకా తేలిగ్గా తెలుస్తుంది" అంది. మర్నాడు పొద్దున్నే తనే అంటించింది.

చీటీ డబ్బుల్లో మిగిలిన మూడు వేలతో అత్తయ్యకి షుగరు చూసే మిషను, స్ట్రిప్పులు కొన్నాం. వాటి డబ్బా ఫ్రిజ్ నెత్తిన పెట్టడానికి ఇప్పుడు చోటు లేదు, పక్కనే చిన్న అర కొట్టించాం.

మీ ఇంట్లోనూ ఈ ఆలోచన ఉంటే, షాపులకి వెళ్ళకముందు ఒక పని చేయండి. మీ ఫ్రిజ్ పక్కన అరచెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా ఉంటే పక్కలకి జాగా వదలాలి. తర్వాత మీ ఇంట్లో ఆ తలుపు అందరికన్నా ఎక్కువసార్లు తీసేది ఎవరో చూడండి. టేపు పట్టుకుని కొలతలు తీసే ముందు, వాళ్ళని పిలిచి ఒక్కసారి అక్కడ నిలబెట్టండి.