మంచెరుగని సీమలో మంచు పందెములు

మన చిత్తూరు సీమలో మంచు అనగా ధనుర్మాసపు తెల్లవారుజామున చెరువులపై క్రమ్ముకొను పొగమంచు మాత్రమే. అయినను 2018 ఫిబ్రవరిలో దక్షిణ కొరియా దేశపు ప్యాంగ్‌చాంగ్‌లో జరిగిన శీతకాల ఒలింపిక్ క్రీడలను, వసతిగృహపు పిల్లలతో గూడి, దుప్పట్లు కప్పుకొని, వేయించిన వేరుసెనగలు నమలుచు మేము తెరపై చూచితిమి.

భారతీయుడగు శివ కేశవన్ చక్రములు లేని చిన్న బండిపై వెల్లకిల పరుండి మంచుగడ్డ బాటలో జారిపోవుచుండగా పిల్లలు ఊపిరి బిగబట్టిరి. మనాలిలో జన్మించిన ఈయన 1998లో, పదునారేండ్ల ప్రాయమున, నగానోలో మొదలిడి ఆరు ఒలింపిక్కులలో పాల్గొనెను. మన దేశమున అట్టి బాట లేనందున బండికి చక్రములు తగిలించి, హిమాలయపు రహదారులపై వాహనముల నడుమ సాధన చేసెను. ప్యాంగ్‌చాంగ్‌లో ఈయనకు దక్కినది 34వ స్థానము.

“అయ్యవారూ, పతకము రాలేదు గదా, ఇన్నిసార్లు ఎందుకు పోయినాడు?” అని యొక బాలుడడిగెను. మైదానము రాళ్లమయమని పరుగు మానదలచిన బాలిక యొకతె ఆ ప్రశ్న విని మౌనముగా నుండెను. మరునాటి ఉదయము ఆమె చలిలో చెరువుకట్టపై పరుగెత్తుచుండుట చూచితిమి. బాలునికి మేము చెప్పదలచిన బదులు అదియే.

విద్యార్థులారా! పౌలు భక్తుడు కొరింథీయులకు వ్రాయుచు పరుగుపందెమునే ఉపమానముగా గైకొనెను. వసతులు సమకూడిన పిదప పరుగెత్తుదమనుకొనువానికి పందెమునాడు కాలు సాగదు. మీకున్న కట్టనే బాటగా చేసికొనుడు.