డౌట్ అనే ఒక్క లఫ్జ్

అమ్మీ బీపీ గోళీ రెండుసార్లు వేసుకుందేమోనని ఆ రాత్రి నాకు షక్ వచ్చింది. పొద్దున చూసినప్పుడు స్ట్రిప్పులో ఆరున్నాయి. రాత్రి ఒకటి వేసుకుంటే ఐదు ఉండాలి. పదిన్నరకు చూస్తే నాలుగే. అడిగితే "ఏకీచ్ ఖాయీ మైఁ" అంది. అరగంట తర్వాత మళ్లీ అడిగితే "యాద్ నై బేటా" అంది.

మా ఆపా కొడుకు మాంచెస్టర్‌లో డాక్టర్. అక్కడే పుట్టి పెరిగాడు. తెలుగు రాదు, ఉర్దూ సలామ్, ఖైరియత్ దాటితే టూటీఫూటీయే. వాడికి ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాను. "ఐ డౌట్ నానీ టుక్ ద బీపీ టాబ్లెట్ ట్వైస్." రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "ఓకే, గుడ్. లెట్ హర్ స్లీప్."

డాక్టరే గుడ్ అన్నాడు కదా, ఇక ఫికర్ ఎందుకని నేనూ పడుకున్నాను. ఫజర్‌కి వజూ చేసుకోవడానికి లేచిన అమ్మీ బాత్రూమ్ గుమ్మంలో కళ్లు తిరిగి పడిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్తే బీపీ పైది 84 ఉంది. సెలైన్ ఎక్కించారు. ఎముకలకేం కాలేదు, అల్‌హమ్‌దులిల్లా. జొహర్ వేళకి ఇంటికొచ్చేశాం.

ఆ మధ్యాహ్నం భాంజాతో ఫోన్లో పెద్ద గొడవ. "నేను చెప్పాను కదరా, డౌట్ అని!" అని నేను. "యెస్ మామూ, యూ సెడ్ యూ డౌటెడ్ ఇట్!" అని వాడు. ఇద్దరం ఒకే మాట పట్టుకుని ఒకరి మీద ఒకరం అరుచుకుంటున్నాం. చివరికి వాడే ఆగి, లఫ్జు లఫ్జు వెతుక్కుంటూ ఉర్దూలో అన్నాడు: "మామూ, ఆప్ నే లిఖా కే నానీ నే దో బార్ నహీఁ ఖాయా హోగా."

నా నోరు పడిపోయింది. ఇరవై ఏళ్లుగా డెస్కులో కూర్చుని ఇంగ్లీషు ఏజెన్సీ కాపీలు తెలుగులోకి దించుతున్న మనిషిని నేను.

వాడు చెప్పింది నిజం. ఇంగ్లీషులో 'ఐ డౌట్' అని మొదలుపెట్టి వెనక ఒక సంగతి చెబితే ఆ సంగతి జరగలేదనుకుంటున్నానని మతలబ్. జరిగిందేమోనని భయపడితే 'ఐ సస్పెక్ట్' అనాలి. రెండింటికీ వాక్యం నడక ఒకటే. మొదటి క్రియ మారిస్తే చాలు, మతలబ్ ఉల్టా. నా బుర్రలో మాత్రం షక్ అంటే డౌట్, డౌట్ అంటే షక్. క్లాసులో చెయ్యెత్తి "సార్, ఐ హావ్ ఎ డౌట్" అన్న రోజు నుంచీ అంతే. అక్కడా అది షక్ కాదు, సవాల్.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. నాలుగొందల ఏళ్ల కిందటి ఇంగ్లీషులో డౌట్‌కి నా మతలబే ఉండేదట, ఏదో జరిగిందేమోనని శంకించడం. స్కాట్లండ్ మాటల్లో అది ఇప్పటికీ ఉంది. ఇది భాంజాకి చెబితే "నేను స్కాట్లండ్‌లో లేను మామూ" అన్నాడు.

నిజానికి ఈ తేడా మన జబాన్లలోనూ ఉంది, మనకే తెలీదు. "ఉస్ పర్ షక్ హై కే చోరీ కీ" అంటే చేసుంటాడని. "ఉస్ కే ఆనే మేఁ షక్ హై" అంటే రాడని. తెలుగులోనూ "వచ్చాడని అనుమానం", "వస్తాడన్నది అనుమానమే". లఫ్జ్ ఒకటే. దాని చుట్టూ కూర్చున్న చిన్న మాటలు, 'కే', 'మేఁ', 'అని', 'అన్నది', అవి మతలబ్‌ని అటూ ఇటూ తిప్పుతాయి. మనం వీటిని తల్లిపాలతో తాగాం కాబట్టి తడబడం. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి లఫ్జులు తెచ్చుకున్నాం, వాటి చుట్టుపక్కల వాళ్లని ఊళ్లోనే వదిలేసి వచ్చాం.

మా ఉర్దూ మీడియం స్కూల్లో ఉస్తాద్ వజన్ నేర్పేవారు. ఫాయిల్ వజన్ మీద వచ్చేవాడు పని చేసేవాడు, మఫ్ఊల్ వజన్ మీద వచ్చేవాడు దాన్ని భరించేవాడు. జాలిమ్, మజ్లూమ్. కాతిల్, మక్తూల్. ఖాదిమ్, మఖ్దూమ్. ఆషిక్, మాషూఖ్ దగ్గరికొచ్చేసరికి వెనక బెంచీ ముసిముసి నవ్వులు. ఒక అచ్చు దొరికితే వంద లఫ్జులు మన చేతిలో ఉన్నట్టే. డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పుడు విభక్తులు నాకు కష్టం కాలేదు, అచ్చులు పట్టుకోవడం ఉస్తాద్ దగ్గరే అలవాటయింది. ఇంగ్లీషులో మాత్రం అచ్చు ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఎంప్లాయర్, ఎంప్లాయీ లాంటివి కొన్ని జంటలు పక్కన పెడితే, అక్కడి అచ్చు ఎక్కువగా లఫ్జు లోపల ఉండదు. లఫ్జు తర్వాత ఎవరు ఏ వరసలో రావాలన్న దాంట్లో ఉంటుంది.

ఈ సంగతి పట్టుకున్నవాడు ఏ. ఎస్. హార్న్‌బీ. ఇంగ్లండువాడే గానీ 1924లో పాఠాలు చెప్పడానికి జపాన్ వెళ్లాడు. అక్కడి పిల్లలూ మనలాగే, లఫ్జుల మతలబులన్నీ కంఠస్థం, వాక్యం మాత్రం నడవదు. ఒక్కో క్రియ తన వెనక ఏ ఏ వరసల్ని రానిస్తుందో తేల్చి, వాటిని నిఘంటువులోనే ప్రతి క్రియ పక్కనా గుర్తులతో వేశాడు. ఆ కితాబ్ 1942లో జపాన్‌లో అచ్చయి, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ల చేతికొచ్చింది. ఇప్పుడు మన పిల్లల బ్యాగుల్లో ఉండే లావుపాటి ఆక్స్‌ఫర్డ్ లర్నర్స్ డిక్షనరీ దాని వారసురాలే. డిగ్రీలో నా దగ్గరా పాతది ఒకటుండేది. క్రియల పక్కన ఆ గుర్తులు చూసి ప్రెస్సువాళ్ల గోల అనుకునేవాణ్ని.

ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి మా బేటీ పక్కన కూర్చున్నాను. తొమ్మిదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. "సార్ ఎక్స్‌ప్లెయిన్డ్ మీ ద లెసన్" అని రాసింది. టీచర్ ఎర్ర పెన్నుతో కొట్టేశారు, ఎందుకో రాయలేదు. "టోల్డ్ మీ కరెక్ట్ అయితే ఎక్స్‌ప్లెయిన్డ్ మీ ఎందుకు కాదు అబ్బా?" అంది. ఒకప్పుడైతే "అది అంతే" అనేవాణ్ని. ఈసారి అడిగాను: "నువ్వు 'ముఝే బతావ్' అంటావు, 'ముఝే కహో' అంటావా?"

"ఛీ. ముఝ్ సే కహో."

"ఎందుకు?"

కాసేపు ఆలోచించింది. "బతానా, కహనా అలా వేరే వేరే కదా."

టెల్ బతానా లాంటిది, మనిషిని నేరుగా పక్కన కూర్చోబెట్టుకుంటుంది. సే, ఎక్స్‌ప్లెయిన్ ఇవి కహనా లాంటివి, మనిషికి ముందు ఒక 'టు' లేకపోతే దగ్గరికి రానివ్వవు. సజెస్ట్ అంతకన్నా నఖ్రా. "ఐ సజెస్టెడ్ హిమ్ టు గో" అని నేను ఎన్ని మెయిల్స్‌లో రాశానో లెక్కలేదు. "సజెస్టెడ్ దట్ హీ గో" అనాలట.

పక్క గదిలోంచి అమ్మీ వింటోంది. "మీరు ఇద్దరూ ఏం లడాయి?" అంది. చెప్పాను, నీ గోళీ సంగతే, ఒక లఫ్జు తప్పు రాశానని. అమ్మీ నవ్వి, "మైఁ దో ఖాయీ బోల్కే మేరే కూ భీ షక్ థా" అంది.

ఆ 'బోల్కే' దగ్గర ఆగిపోయాను. లక్నోవాళ్లు వింటే నవ్వుతారు, అక్కడ 'కే' ముందొచ్చి సంగతి వెనకొస్తుంది. మన దక్నీలో సంగతి ముందు, బోల్కే వెనక. "రెండు వేసుకున్నానని నాక్కూడా అనుమానం." తెలుగు 'అని' ఎక్కడ కూర్చుంటుందో బోల్కే అక్కడే కూర్చుంది. వందల ఏళ్లు పక్కపక్క ఇళ్లలో బతికి, లఫ్జులు ఉర్దూవే ఉంచుకుని, వాక్యం నడక తెలుగు పొరుగింటి నుంచి తెచ్చుకున్నాం. చిన్నప్పుడు ఇదే బోల్కే అన్నందుకు ఒక మాస్టారు నన్ను క్లాసులో నిలబెట్టి, ఇది జబానేనా అని అడిగారు. ఆ షర్మ్ ఇంకా పోలేదు. అమ్మీ నోట వింటుంటే మాత్రం అందులో తప్పేముందో నాకు కనపడలేదు.

ఇప్పుడు ఏడు గదుల గోళీల డబ్బా కొన్నాం, రోజుకొక గది. రాత్రి గోళీ నా ఎదుటే వేసుకుంటుంది. భాంజాకి రోజూ మెసేజ్ పెడుతున్నాను. "నానీ టుక్ వన్ టాబ్లెట్. ఐ సా." వాడు బొటనవేలు బొమ్మ పంపుతాడు.