గట్టు లోపల రైతే... పాసుపుస్తకంలో కాదు!

మా కల్లూరులో కౌలు అంటే ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. గట్టు లోపల ఏ పంట వేయాలో, ఎప్పుడు నీరు పెట్టాలో అంతా కౌలుదారు ఇష్టం. గట్టు దాటితే మాత్రం పాసుపుస్తకంలో అతని పేరుండదు. బోరు వేయాలన్నా పట్టాదారును అడగాల్సిందే. ‘కంప్యూటర్‌లో నువ్వు చేసే పనేంట్రా?’ అని బాబాయి అడిగితే నేను చెప్పేది ఈ కౌలు సంగతే.

ప్రోగ్రామ్‌ను దానికి కావలసిన సరంజామాతో సహా విడిగా ఒకచోట సర్ది నడపడాన్ని కంటైనర్ అంటారు. 2013లో డాకర్ వచ్చాక ఇది బాగా వాడుకలోకి వచ్చింది. లినక్స్‌లో సర్వాధికారాలూ ఉన్న ఖాతా పేరు ‘రూట్’. మొదట్లో కంటైనర్ల పెత్తనమంతా దాని చేతుల్లోనే ఉండేది. మరి గట్టు తెగితే? 2019 ఫిబ్రవరిలో రన్‌సీ అనే భాగంలో అలాంటి లోపమే బయటపడింది. కంటైనర్లోని దొంగ ప్రోగ్రామ్ బయటికొచ్చి మొత్తం యంత్రానికే యజమాని కాగలిగేది.

అందుకే రూట్‌లెస్ పద్ధతి. లోపల ప్రోగ్రామ్ తానే రూట్ అనుకుంటుంది, బయట అది మామూలు వాడుకరి. పాడ్‌మ్యాన్ దీంతోనే పేరు తెచ్చుకుంది. డాకర్‌లో 2020 డిసెంబరుకు ఇది పూర్తిస్థాయిలో వచ్చింది.

బాబాయి ఎరువుల కొట్టు పద్దు మా ఇంట్లో పాత కంప్యూటర్లోనే ఉంటుంది. ఎవరు ఎంత బాకీ, పంటొచ్చాక ఎంత కట్టారు... అది పోతే ఊళ్లో తలెత్తుకు తిరగలేం. నా ప్రయోగాలూ అందులోనే. కాబట్టి అన్నీ రూట్ లేకుండానే నడుపుతాను.

ఇబ్బందులా? బోలెడు! 1024 కంటే చిన్న నంబరు పోర్టులు మామూలు వాడుకరికి దక్కవు. వెబ్‌సైట్లకు వాడే 80 బదులు 8080తో సరిపెట్టుకోవాలి. నెట్‌వర్క్ మధ్యలో మరో ప్రోగ్రామ్ చేతులు మారి వస్తుంది కనుక కాస్త నెమ్మది. ఇంకో విడ్డూరం... కంటైనర్ లోపల రూట్ కాని వాడుకరి రాసిన ఫైలుకు బయట లక్ష పైచిలుకు నంబరున్న ఎవరో యజమాని అని కనిపిస్తుంది. నా ఫోల్డర్లోదే, నేను మార్చబోతే అనుమతి లేదంటుంది!

అలాగని ఇది వజ్రకవచమేం కాదు. తప్పించుకున్న ప్రోగ్రామ్ ఆ వాడుకరి ఫైళ్లన్నీ చూడగలదు. అందుకే పద్దును వేరే వాడుకరి పేరున పెట్టి, నా ప్రయోగాలకు అందకుండా చేశాను. పైగా లోపల యజమాని హోదా ఇచ్చే యూజర్ నేమ్‌స్పేస్ ఏర్పాటే కెర్నల్‌లోని లోపాలకు కొత్త దారులు తెరిచింది. 2024లో వచ్చిన ఉబుంటు 24.04 దాన్ని ఎవరుపడితే వారు వాడకుండా కట్టడి చేసింది.

ఫోన్లో పద్దు చూడటానికి ప్రతిసారీ 8080 కొట్టలేకపోతున్నానని బాబాయి కొడుకు గొణిగాడు. మామూలు వాడుకరికి దక్కే పోర్టుల హద్దును 80 దాకా దించే సెట్టింగ్ ఒకటుంది. దించాను. రూట్ పాస్‌వర్డ్ కూడా అడిగాడు గానీ ఇవ్వలేదు.