పాదరసం

ఎక్స్‌మెన్ సినిమాల్లో 2014లో వచ్చిన 'డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్' చూశారా? చూసినవాళ్ళంతా చెప్పుకునేది పెంటగాన్ వంటగది సీను గురించే. కాపలావాళ్ళు తుపాకులు పేలుస్తారు. గుళ్ళు గాల్లో ఆగిపోయినట్టుంటాయి. చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకున్న వెండిరంగు జుట్టు కుర్రాడొకడు గోడల మీద పరిగెడుతూ గుళ్ళని వేలితో పక్కకి నెడతాడు, మధ్యలో గాల్లోకి చిందిన సూప్ రుచి కూడా చూస్తాడు.

నాకు మాత్రం దానికంటే ముందొచ్చే సీను గుర్తుండిపోయింది. ముగ్గురు మగవాళ్ళు ఇంటికొచ్చి తలుపు కొడతారు. వాళ్ళమ్మ వీళ్ళని పోలీసులనుకుంటుంది. మళ్ళీ ఏం చేశాడు, ఎంతైందో చెప్పండి చెక్కు రాసిస్తానంటుంది. కింద బేస్‌మెంట్‌లో వాడు, వాడి చుట్టూ ఎత్తుకొచ్చిన చిరుతిళ్ళ పెట్టెలు. డాలస్‌లో ఆ రోజు హాలంతా నవ్వింది. నాకు ఖమ్మంలో మా అమ్మ గుర్తొచ్చింది.

వాడి పేరు క్విక్‌సిల్వర్. టైపింగ్ నాకు నేనే నేర్చుకున్నానేమో, ఈ పేరు దగ్గర మూడుసార్లు తప్పు కొట్టాను. పాదరసం అంటే హాయిగా ఉండేది. కుదురులేని పిల్లల్ని మనమూ పాదరసం అనే అంటాం. అసలు పేరు పియెట్రో మాక్సిమాఫ్. స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి 1964లో, ఎక్స్‌మెన్ నాలుగో సంచికలో పుట్టించారు. అప్పుడు విలన్ల గుంపులో మనిషి. కవల సోదరి వాండాని జనం చేతుల్లోంచి మాగ్నెటో కాపాడాడన్న రుణం కొద్దీ వాడి దగ్గర పడుంటాడు. మరుసటి ఏడాదికల్లా అవెంజర్స్‌లో చేరి హీరో అయ్యాడు.

అక్కణ్ణుంచి వాడి కథని ఎంతమంది తిరగరాశారో! ఏకంగా తండ్రినే మార్చేశారు. 1974లో విజ్జర్ అనే పాతతరం హీరో అన్నారు, తర్వాత కాదన్నారు. 1982లో మాగ్నెటోనే తండ్రన్నారు. ముప్ఫై ఏళ్ళు దాటాక అదీ కాదన్నారు. సినిమాల్లోనైతే హక్కులు రెండు స్టూడియోల దగ్గర ఉండబట్టి వరసగా రెండేళ్ళు ఇద్దరు పియెట్రోలు. ఫాక్స్ వాళ్ళ కుర్రాడు అమెరికాలో అమ్మ బేస్‌మెంట్‌లో దొంగ. 2015లో మార్వెల్ వాళ్ళ కుర్రాడు సొకోవియాలో అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న అనాథ, చివరికి హాక్‌ఐనీ ఒక పిల్లాణ్ణీ కాపాడబోయి చచ్చిపోతాడు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఒకే కోడుకి ఇన్ని బ్రాంచీలు. ఒకదాంట్లో చేసిన తప్పు ఇంకోదాంట్లో వాణ్ణి అంటదు.

అన్నిట్లోకీ నాకు నచ్చింది 1993లో పీటర్ డేవిడ్ ఎక్స్‌-ఫాక్టర్‌లో రాసిన పియెట్రో. నీకెందుకంత కోపమని సైకియాట్రిస్టు అడిగితే, ఏటీఎం వాడటం చేతకాని మనిషి వెనక క్యూలో నిలబడ్డం ఎలా ఉంటుందో తెలుసా, నాకు లోకమంతా రోజంతా అలాగే ఉంటుంది అన్నట్టు చెబుతాడు. వాడి పొగరంతా ఆ ఒక్క మాటతో అర్థమైపోతుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈమధ్య మా అబ్బాయితో కలిసి పాత కార్టూన్ సీరియల్ 'ఎక్స్‌మెన్: ఎవల్యూషన్' చూశాను. 2000లో మొదలైంది. అందులో పియెట్రో హైస్కూలు కుర్రాడు. స్కూల్లో లాకర్లు దోచేది వాడు, పోలీసులకి దొరికేది ఈవాన్ అనే ఇంకో కుర్రాడు. మా అబ్బాయి పడీపడీ నవ్వుతున్నాడు. నేను మంచినీళ్ళ వంకతో వంటింట్లోకెళ్ళిపోయాను.

సరిగ్గా ఆ ఏడాదే మా కథ కూడా. నాకు పదమూడు, తమ్ముడికి పదకొండు. మాది కిరాణా కొట్టు. మధ్యాహ్నం నాన్న భోజనానికెళ్తే మేమిద్దరం కూర్చునేవాళ్ళం. సందు చివర వీడియోగేముల షాపు, గంటకి పది రూపాయలు. గల్లాపెట్టెలోంచి నోటు తీసేది నేను. వాడు గుమ్మం దగ్గర కాపలా. ఒకరోజు వంద నోటు తేడా వచ్చింది. నాన్న లెక్క చూసేసరికి నేను ట్యూషన్లో ఉన్నాను. మిగిలిన చిల్లర వాడి నిక్కరు జేబులో దొరికింది. బెల్టు తీశాడు నాన్న. వాడు నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

తర్వాత నాకు ఇంజినీరింగు, అమెరికా. వాడికి చుట్టాల్లో చేతివాటంగాడన్న పేరు. ఇప్పుడు వాడికి అదే ఊళ్ళో మొబైల్ షాపుంది, ఎవరికీ పైసా బాకీ లేడు. అయినా క్రితం ఏడు ఒక పెళ్ళిలో మా మేనమామ "వీడు పక్కనుంటే జేబులు చూసుకోండ్రా" అన్నాడు. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. "బాబాయ్ దొంగా?" అని మావాడు నన్నడిగాడు.

2016లో వచ్చిన 'అపోకలిప్స్' సినిమాలో మాగ్నెటో తన తండ్రని పీటర్‌కి తెలుస్తుంది. ఎదురుపడతాడు కూడా. మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అంత వేగం ఉన్నవాడికి ఆ ఒక్క మాటకి టైము సరిపోలేదు. పోయిన నెల ఆదివారం వీడియో కాల్‌లో నేను నాన్నకి చెప్పేశాను, గల్లాపెట్టె సంగతి మొత్తం. నాన్న కాసేపు మాట్లాడలేదు. "అప్పుడు చిన్నోడివిలేరా" అని, మందులేసుకోవాలంటూ ఫోను అమ్మకిచ్చాడు. నాకన్నా రెండేళ్ళు చిన్నవాడికి ఆ మాట అప్పుడు దొరకలేదు.

రెండ్రోజులకి తమ్ముడు షాపులోంచి ఫోన్ చేశాడు.

"ఎందుకు చెప్పావన్నా?"

"నీ మీదున్న పేరు పోవాలని."

"పోయిందిలే! నాన్న పొద్దున్నే షాపుకొచ్చి, మీ అన్న ఎంత నిజాయితీగా ఒప్పుకున్నాడో చూడు, ఆ రోజే నువ్వు నోరు విప్పుంటే సరిపోయేది కదా అన్నాడు. ఇన్నాళ్ళూ దొంగతనం ఒక్కటే ఉండేది. ఇప్పుడు దాచిపెట్టడం కూడా నా ఖాతాలోనే పడింది."

ఏమనాలో తెలీలేదు. వెనకాల ఎవరో టెంపర్డ్ గ్లాస్ ఎంతని అడుగుతున్నారు. నూట యాభై అని వాళ్ళకి చెప్పి, తర్వాత మాట్లాడతానన్నా అని ఫోన్ పెట్టేశాడు.