ఆటలో అరటిపండుకు చోటుందా?

ఫోనులో తుపాకుల ఆట ఆడి పిల్లవాడు చిరాకుగా లేచినప్పుడు పెద్దలు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎంతసేపు ఆడావు?" దానితోపాటు "ఎవరితో ఆడావు?" అని కూడా అడగమని మిమ్మల్ని కోరుతున్నాను. ఆట మనసుకు విశ్రాంతినిస్తుందా, గాయం చేస్తుందా అన్నది కాలంతోపాటు ప్రత్యర్థి మీద కూడా ఆధారపడి ఉంటుంది.

మన వీధుల్లో దాగుడుమూతలు ఆడేటప్పుడు మరీ చిన్నవాళ్లను 'ఆటలో అరటిపండు'గా చేర్చుకునేవారు. వాళ్లు దొరికినా దొంగ కానక్కరలేదు. పెద్దవాళ్ల వెంట పరుగెత్తుతూ ఆట నేర్చుకుని, కొంతకాలానికి అసలు ఆటగాళ్లయ్యేవారు. ఎవరూ రాసిపెట్టని ఈ నియమంలో మంచి వైద్యం ఉంది. మందుకు ఉన్నట్టే ఓటమికీ మోతాదు ఉండాలి.

నేటి తుపాకుల ఆటల్లో ఆ మోతాదును చూసేది యంత్రం. 2018లో వచ్చిన పబ్‌జీ మొబైల్‌నే తీసుకోండి. వందమంది ఒక దీవిలో దిగుతారు. చివరిదాకా మిగిలినవారిదే గెలుపు. కొత్తవారి తొలి పోటీల్లో ఎదురయ్యేవారిలో చాలామంది మనుషులు కారు, 'బాట్లు' అనే కంప్యూటర్ పాత్రలు. అవి సులువుగా కూలిపోతాయి. ర్యాంకు పెరిగేకొద్దీ బాట్లు తగ్గి, ఏళ్ల తరబడి సాధన చేసినవారు ఎదురవుతారు. తాను అరటిపండునన్న సంగతి ఆ కుర్రవాడికి ఎవరూ చెప్పలేదు. ఆ హోదా పోయిన సంగతీ చెప్పరు. నిన్న గెలిచినవాడు నేడెందుకు ఓడుతున్నాడో అర్థంకాక, లోపం తనలోనే ఉందనుకుంటాడు.

సమ ఉజ్జీలను కలపడం కొత్త ఆలోచన కాదు. అర్పాద్ ఎలో రూపొందించిన రేటింగు పద్ధతిని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లోనే స్వీకరించింది. తుపాకుల ఆటలూ ఇలాంటి లెక్కలే వాడతాయి. ప్రతి పోటీ పరీక్షలా మారుతోందని ఆరితేరినవారు దీనిమీద విసుక్కుంటారు. కానీ 'కాల్ ఆఫ్ డ్యూటీ' సంస్థ ఈ జత కలపడంలో నైపుణ్యానికి ప్రాధాన్యం తగ్గించి చూసినప్పుడు, తక్కువ నైపుణ్యం గలవారు ఆట మధ్యలోనే వదిలిపోవడం పెరిగిందని 2024లో వెల్లడించింది. పైగా కొందరు నిపుణులు కొత్త ఖాతా తెరిచి, కావాలనే కొత్తవారి మధ్యకు చేరతారు. వీరిని 'స్మర్ఫ్‌లు' అంటారు.

మా మనవడి ప్రోద్బలంతో అలాంటి ఒక ఆట నేనూ ఆడి చూశాను. తూటా ఎటునుంచి వచ్చిందో తెలియకుండానే నేలకూలాను. అందుకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ముఖం తెలియని సహచరుడొకడు చెవిలో తిట్టిన తిట్లకు మాత్రం నవ్వు రాలేదు, గుండె దడదడలాడింది. డెబ్బై దాటిన నాకే అలా ఉంటే, తోటివారి మెప్పే లోకమైన పదమూడేళ్లవాడి మాటేమిటి? అవమానంతో ఆట ముగించలేక, "ఒక్కటి గెలిచి పడుకుంటాను" అంటూ అర్ధరాత్రి దాటిస్తాడు. మనం దాన్ని వ్యసనం అంటాం. చాలాసార్లు అది చిన్నబోయిన మనసు మాత్రమే.

నిజమైన వ్యసనమూ ఉంది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనానికి చోటుంది. ఆటమీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనకబడటం, హాని కనిపిస్తున్నా మానలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఏడాదిపాటు ఇవి కొనసాగితేనే ఆ పేరు పెడతారు. నిద్ర, చదువు, భోజనం దెబ్బతింటుంటే మాత్రం ఏడాది ఆగకుండా వైద్యుణ్ణి కలవండి.

ఈలోగా మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అపరిచితుల గొంతు వినిపించకుండా ఆపే సదుపాయం సెట్టింగుల్లో ఉంటుంది, దాన్ని వాడించండి. తెలిసిన స్నేహితులతో జట్టు కట్టమనండి. వరుసగా రెండు ఓడితే లేచి నీళ్లు తాగి, కాసేపు నడవమనండి. పడుకునే ముందు గంటసేపు ఆట వద్దు. తొలి గెలుపుల్లో బాట్ల పాలెంతో కూడా ముందే చెప్పండి. తర్వాతి ఓటములు అంతగా నొప్పించవు.

మీ ఇంట్లో ఆరితేరిన ఆటగాడు ఉంటే, అతనికీ ఒక మాట చెప్పండి. కొత్తవాడు జట్టులోకి వచ్చినప్పుడు తిట్టడానికి పట్టే సమయంలోనే ఎక్కడ దాక్కోవాలో చెప్పవచ్చు.