ఆగితే వేడి, కదిలితే చల్లన

రోహిణీ కార్తెలో దగ్గరి బంధువుల పెళ్ళికి గుంటూరు నుంచి నరసరావుపేట దాటి ఒక పల్లెకు వెళ్ళవలసి వచ్చింది. తిరుగు ప్రయాణం మిట్టమధ్యాహ్నం. కారు నేనే నడుపుతున్నాను. మా శ్రీమతి వెనుక సీటులో ఉంది. ఆమెకు డెబ్భై దాటాయి. రక్తపోటుకు వాడే మందులలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర ఒకటి ఉంది.

దారిలో రైల్వే గేటు పడింది. ఆగిన కొద్దిసేపటికే ఏసీ నుంచి వచ్చే గాలి వెచ్చబడింది. గాలి జోరు తగ్గలేదు, చల్లదనమే పోయింది. ఇప్పుడో ఇంకాసేపటికో చల్లబడుతుందన్న ఆశతో అద్దాలు దించకుండా కూర్చున్నాను. ఒక గూడ్సు బండి వెళ్ళింది, గేటు తెరవలేదు. "ఏమండీ, ఇంకా ఎంత దూరం?" అని ఆమె రెండుసార్లు అడిగింది. మూడోసారి, "మనం పెళ్ళికే కదా వెళ్తున్నాం?" అన్నది.

ఆ మాటతో నాలోని వైద్యుడు ఉలిక్కిపడ్డాడు. వడదెబ్బలో అన్నిటికంటే ముందు చూడవలసింది థర్మామీటరును కాదు, మాట తీరును. శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకపడితే అది ప్రాణాపాయ స్థితి. తలుపులు తెరిచి, పక్కనే ఉన్న వేపచెట్టు నీడకు నడిపించి, చీర కొంగును, మెడను, చంకలను నీళ్ళతో తడిపి, శుభలేఖతో విసిరాను. ఇలాంటప్పుడు జ్వరం మాత్ర వేయకూడదు. జ్వరంలో మెదడులోని ఉష్ణనియంత్రణ కేంద్రం తన లక్ష్యాన్నే పెంచుకుంటుంది. పారాసిటమాల్ దానిని దించుతుంది. వడదెబ్బలో ఆ కేంద్రం లక్ష్యం మారదు, ఒంట్లోని వేడి బయటకు పోలేక పేరుకుంటుంది. కనుక ఆ మాత్ర అక్కరకు రాదు. తికమకలో ఉన్న మనిషి నోట్లో నీళ్ళు పోయడమూ ప్రమాదమే, పొరమారవచ్చు.

పావుగంటలో ఆమె తేరుకున్నది. అయినా నరసరావుపేటలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. రక్తంలో సోడియం తగ్గిందని తేలింది. ఎండకు చెమట, దానికి తోడు ఆ మాత్ర. తరువాత ఆమె వైద్యుడు ఆ మాత్రను మార్చారు. నలభై ఏళ్ళపాటు వడదెబ్బ రోగుల బంధువులను "ఇంతసేపు ఏం చేశారు?" అని గద్దించినవాడిని నేను. ఆ ప్రశ్న ఈసారి నాకు నేనే వేసుకోవలసి వచ్చింది.

అన్నట్టు, గేటు తెరిచి కారు వేగం అందుకోగానే ఏసీ మళ్ళీ చల్లబడింది. రోగ నిర్ధారణ అంతా ఆ ఒక్క సంగతిలోనే ఉంది. పది రోజుల ముందే ఒక వర్క్‌షాపుకు వెళ్ళి చల్లదనం తగ్గిందని చెబితే, అక్కడి కుర్రవాడు "గ్యాస్ తగ్గిందండీ" అని నింపి పంపాడు. చల్లదనం ఎప్పుడు తగ్గుతున్నదని అతడు అడగలేదు, నేనూ చెప్పలేదు. రోగి చెప్పేది వినకుండా మందు రాసే వైద్యుడంటే నాకు పడదు. నేను ఆ రోజు అంతకంటే మెరుగైన రోగిని కాలేకపోయాను.

కారు ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు, లోపలి వేడిని మోసుకుపోయి బయట వదులుతుంది. ఆ మోత మోసేది గ్యాస్. ఇప్పటి చాలా కార్లలో అది ఆర్134ఎ. డాష్‌బోర్డు వెనుకనున్న ఎవాపరేటర్‌లో అది ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ దానిని నొక్కి, కారు ముందుభాగంలోని కండెన్సర్‌కు పంపుతుంది. అక్కడ వేడి గాలిలో కలవాలి. కారు పరుగెడుతుంటే ఎదురుగాలి ఆ పని చేసిపెడుతుంది. ఆగినప్పుడు మాత్రం ఫ్యాను తిరిగి తీరాలి. ఆగితే వేడి, కదిలితే చల్లన అంటే ముందు అనుమానించవలసింది ఆ ఫ్యానునే. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు వెతకకుండా నింపడం, రక్తస్రావం ఆపకుండా రక్తం ఎక్కించడమే.

రెండో మెకానిక్ పెద్దమనిషి. "డాక్టరు గారూ, ఎప్పుడెప్పుడు వేడిగా వస్తున్నదో ముందు చెప్పండి" అన్నాడు. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది. తరువాత నీలం, ఎరుపు గొట్టాలున్న గేజీలు బిగించాడు. రక్తపోటులాగే రెండు అంకెలు: తక్కువ పీడనం వైపు నీలం, ఎక్కువ పీడనం వైపు ఎరుపు. రెండూ ఉండవలసిన దానికంటే బాగా తక్కువైతే గ్యాస్ చాలదని అనుమానించాలి. నా కారులో రెండూ ఎక్కువే ఉన్నాయి. కండెన్సర్ ఫ్యానుకు నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చి చూశాడు, కదలలేదు, మోటారు కాలిపోయింది. ఇంజనుకు వేరే ఫ్యాను ఉండడంతో వేడి ముల్లు మామూలుగానే కనిపించి నన్ను ఏమార్చింది. దానికి తోడు పాత మెకానిక్ నింపిన అదనపు గ్యాస్ ఎరుపు అంకెను మరింత పెంచింది. అది హద్దు దాటితే రక్షణ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. గేటు దగ్గర జరిగినది అదే. మోటారు మార్చి, గ్యాస్ మొత్తం తీసి, బానెట్ కింద స్టిక్కరు మీద ఉన్నంత బరువే తూచి నింపాడు.

మీ కారులో గాలే మందంగా వస్తుంటే ముందు క్యాబిన్ ఫిల్టరు చూడండి. తరచుగా దుమ్ముతో పూడిపోయి ఉంటుంది. గాలి జోరుగా ఉండి చల్లగా లేకపోతే, బండి ఆపి, ఏసీ వేసి, బానెట్ ఎత్తి ఫ్యాను తిరుగుతున్నదా అని దూరం నుంచే చూడండి. చేయి పెట్టకండి, అది హఠాత్తుగా తిరగడం మొదలుపెడుతుంది. గ్యాస్ గొట్టాల జోలికి అసలే వెళ్ళవద్దు. బయటి గాలిలో ఆ ద్రవం సున్నాకు 26 డిగ్రీలు దిగువనే మరుగుతుంది. చర్మం మీద పడితే క్షణాలలో గడ్డకట్టిస్తుంది. దారిలో చల్లదనం పోతే నాలా ఎదురుచూడక వెంటనే అద్దాలు దించండి. పిల్లలు, వృద్ధులు ఉంటే నీడలో ఆపండి. ఎండలో నిలిపి మూసిన కారులో పది నిమిషాలకే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది.

ఇప్పుడు మా కారులో రెండు లీటర్ల నీళ్ళు, ఒక తువ్వాలు, మూడు ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉంటున్నాయి. పొట్లాల గడువు తేదీ చూసే బాధ్యతను ఆవిడ నాకు వదలలేదు, తనే తీసుకున్నది.