ముందు మరమ్మతు బల్ల, తర్వాతే షోకేసు

సంక్రాంతి సెలవులైపోయిన వారం కాజీపేటలో పొద్దుటి బండెక్కి సికింద్రాబాద్‌లో దిగాను. సంచిలో నాలుగు వస్తువులున్నాయి: ఎనిమిదేళ్ల పాత ల్యాప్‌టాప్, ఒక పెన్ డ్రైవ్, గడువు తీరిన డిజిటల్ సంతకం టోకెన్, మా ఆడిటర్ గారు ఆఫీసు జీఎస్టీ నంబరు రాసిచ్చిన చీటీ. "డెబ్బై అయిదు వేలు దాటొద్దమ్మా, అన్నీ కలిపి" అన్నారాయన. 'అన్నీ' అంటే ఏమేమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

పాతది చెడిపోలేదు. 2017లో కొన్నాం, ఏడో తరం ఇంటెల్ చిప్పు. విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 ఏమో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే రానిస్తుంది. మా పార్టీల పాన్ నంబర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇల్లు బాగానే ఉంది, తాళం మాత్రం పనిచెయ్యదు. అలాంటి ఇంట్లో ఊరివాళ్ల నగలు దాచలేం కదా.

స్టేషన్ బయట ఆటో ఎక్కి పార్క్‌లేన్ అన్నాను. చెనాయ్ ట్రేడ్ సెంటర్ పేరు పూర్తిగా చెప్పక్కర్లేదు, సీటీసీ అంటే చాలు. జంటనగరాల్లో కంప్యూటర్ అన్న మాటకు చాలాకాలంగా చిరునామా ఆ భవనమే. మెట్రోలో వచ్చేవాళ్లకు ప్యారడైజ్ స్టేషన్ దగ్గర. మెట్ల దగ్గర అడుగు పెట్టానో లేదో, "ల్యాప్‌టాపా మేడమ్? కొత్తదా, సెకండ్సా?" అని మూడు గొంతులు ఒకేసారి పలికాయి. తల అడ్డంగా ఊపి పైకి నడిచాను. మా నాన్న బండి కొనాలనుకున్నప్పుడు షోరూముకు ముందు మెకానిక్ షెడ్డుకు వెళ్లేవాడు. నేనూ అదే దారి పట్టాను.

పై అంతస్తులో ఒక రిపేరు దుకాణం. దుకాణమంటే మంచం పట్టేంత జాగా. బల్ల మీద దీపమున్న భూతద్దం, హాట్ ఎయిర్ గన్ను, మూతలు ఊడదీసిన ఆరేడు ల్యాప్‌టాప్‌లు. విప్పిన స్క్రూలు కలిసిపోకుండా టీ కప్పు మూతల్లో వేరువేరుగా పోసి పెట్టాడు మెకానిక్. అతనికి ముప్పై అయిదేళ్లుంటాయేమో.

"అన్నా, రిపేరు కాదు. ఏది కొనాల్నో అడుగుదామని వచ్చిన" అన్నాను.

అతను తలెత్తి నవ్వాడు. "కొనేటప్పుడు అందరు ప్రాసెసర్ అడుగుతరు అక్కా. ప్రాసెసర్ పోయిందని మా దగ్గరికి ఎవ్వరు రారు."

మరి ఏం పోతాయి? బల్ల మీదున్నవే ఒక్కొక్కటి చూపించాడు. మొదటిది హింజి. స్క్రీను తిరిగే మడత బందు లోపల ప్లాస్టిక్‌లో చిన్న ఇత్తడి గింజలు పొదిగి, వాటిలోకి స్క్రూలు బిగిస్తారు. మూతను రోజూ ఒక మూల పట్టుకుని లాగితే బరువంతా ఒక బందు మీదే పడి గింజ ఊడి వస్తుంది. తర్వాత మూత ఎత్తినప్పుడల్లా అడుగు అట్ట పగులుతుంది. రెండోది చార్జర్ గుచ్చే చోటు. అది చిన్న వైరుతో విడిగా ఉంటే మార్చడం తేలిక, బోర్డుకే అతికించి ఉంటే ఖర్చు. మూడోది ఫ్యాను. తీసి చూపిస్తే దుమ్ము చిన్న కంబళిలా చుట్టుకుని ఉంది. "పరుపు మీద పెట్టి పనిచేస్తే గిట్లనే అయితది. కింద గాలి రంధ్రాలు మూసుకపోతయి."

నాలుగోది బ్యాటరీ. ట్రాక్‌ప్యాడ్ ఒకవైపు పైకి లేచి గట్టిబడిందంటే లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థమట. అప్పుడు చార్జింగు ఆపి, వెంటనే మార్పించాలి. ఆఫీసులో రోజంతా ప్లగ్గులోనే ఉంచేవాళ్లు సెట్టింగుల్లో చార్జింగును 80 శాతం దగ్గర ఆపుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం నిలుస్తుంది.

అయిదోదాన్ని వాసన చూస్తేనే తెలిసింది. చాయ్. "మీద ఒలికితే పవర్ బటన్ ఆరిపోయేదాక ఒత్తి పట్టాలె. చార్జర్ పీకి, తెరిచి, గుడారం లెక్క బోర్లించాలె. పనిచేస్తదా లేదా అని మల్ల ఆన్ చేసి చూసుడే తప్పు. బియ్యంల పెడితే ఏం కాదు." నీళ్లు చేసే నష్టం కన్నా, తడి బోర్డులో కరెంటు పారడంతో జరిగే నష్టం ఎక్కువన్నమాట.

నా పాతది అతని ముందు పెట్టాను. కింద ఎక్స్చేంజిలో ఎంతో కొంత ఇస్తారని తెచ్చాను. అతను మొదట చేసిన పని హార్డ్‌డిస్కు ఊడదీసి నా చేతిలో పెట్టడం. "ఫైళ్లు డిలీట్ చేసినా లోపలే ఉంటయి అక్కా. డబ్బా అమ్ము, ఇది మాత్రం ఇయ్యకు." లెక్కలు చూసే ఆఫీసులో పదేళ్లుగా పనిచేస్తున్నదాన్ని. ఆ మాట నాకు తట్టనందుకు సిగ్గేసింది.

లేవబోతుంటే అడిగాడు: "రోజంతా నీ చేతులు ఏడ ఉంటయి?"

ఏ అమ్మకందారూ వెయ్యని ప్రశ్న. ఆలోచించాను. కుడిచెయ్యి అంకెల గళ్ల మీద. ట్యాలీలో ఎంట్రీలు, ఎక్సెల్‌లో మొత్తాలు. ప్రతి నెలా ఇరవయ్యో తేదీలోపు జీఎస్టీ రిటర్నులు వేసే వారమైతే భోజనానికి తప్ప ఆ చెయ్యి లేవదు. అందుకే అంకెల మీటలున్న 15.6 అంగుళాలదే కొనాలనుకున్నాను. అతను వద్దన్నాడు. పక్కన అంకెల మీటలు చేరితే టైపు చేసే భాగం ఎడమకు జరుగుతుంది, మనిషీ వంకరగా కూర్చుంటుంది. పైగా పార్టీల దగ్గరికి బస్సులో మోసుకెళ్లాలి. "చిన్న ల్యాప్‌టాప్ తీసుకో. ఆఫీసుల పెద్ద కీబోర్డు పెట్టుకో."

అలా ల్యాప్‌టాప్ కన్నా ముందు కీబోర్డు ఖరారైంది. 'అన్నీ' అన్న మాటకు అర్థం కూడా అక్కడే దొరికింది. యాక్సెసరీలు మిగిలిన డబ్బుతో కొనేవి కావు, ఏ ల్యాప్‌టాప్ కొనాలో తేల్చేవే అవి.

కింది అంతస్తుకు దిగాను. షోకేసు లైట్లలో అన్నీ అందంగానే ఉన్నాయి. అమ్మే కుర్రాడు కొత్త నంబరు ఉన్నదొకటి ముందు పెట్టాడు, రైజెన్ 5 7520. నంబరు పెద్దదైతే చిప్పు కొత్తదనుకుంటాం. ఆ వరసలో మొదటి అంకె విడుదలైన సంవత్సరానిది. లోపలి నిర్మాణం ఏ తరానిదో చెప్పేది మూడో అంకె. ఇక్కడది 2. అంటే పాత జెన్ 2 నిర్మాణానికే కొత్త చొక్కా. ఇంటెల్‌లోనూ ఐ5 అన్నంత మాత్రాన సరిపోదు. దాని వెనక ఉన్న తరం అంకెలు, చివరి అక్షరం చూడాలి. యు అంటే తక్కువ కరెంటుతో నడిచేది, హెచ్ అంటే ఎక్కువ పని, ఎక్కువ వేడి. మా పనికి యు చాలు.

ర్యామ్ దగ్గర మాత్రం పట్టుబట్టాను. విండోస్ లేవగానే మూడు నాలుగు జీబీ దానికే పోతుంది. దానిపై ట్యాలీ, రెండు ఎక్సెల్ ఫైళ్లు, బ్రౌజర్లో పోర్టల్ కిటికీలు పాతిక. 8 జీబీ ఊపిరాడనివ్వదు. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు మండుతున్నాయి కాబట్టి, తర్వాత వేయించుకుందాంలే అనుకునే రోజులూ కావు. నేను తీసుకున్నదాంట్లో 8 జీబీ బోర్డుకే అతికి ఉంది, ఇంకో 8 స్లాటులో ఉంది. రేపు మార్చాలంటే ఆ స్లాటు ఒక్కటే దారి.

స్క్రీను చూడటానికి చిట్కా కూడా పై బల్ల దగ్గర నేర్చుకున్నదే. ఖాళీ ఎక్సెల్ షీటు తెరిచి పక్కనుంచి, కిందనుంచి చూశాను. ఒక పీసులో తెలుపు పసుపుగా మారి, కిందనుంచి చూస్తే నల్లబడింది. పక్కన ఐపీఎస్ తెర ఎటు చూసినా తెలుపే. అద్దంలా మెరిసేది కాకుండా మసక పూత ఉన్నది, 300 నిట్లది, 16:10 కొలతది ఎంచుకున్నాను. పొడవు పెరిగినందుకు ఎక్సెల్‌లో నాలుగు వరసలు ఎక్కువ కనిపిస్తాయి. రోజంతా వరసలు లెక్కపెట్టేవాళ్లకు అది చిన్న లాభం కాదు.

తర్వాత పోర్టులు. బయట మా ఊళ్లో డీఎస్సీ అంటే టీచరు పోస్టుల పరీక్ష. మా ఆఫీసులో డీఎస్సీ అంటే పెన్ డ్రైవులా ఉండే డిజిటల్ సంతకం. కుర్రాడు గొప్పగా చూపించిన పలచటి మోడల్‌కు టైప్ సి రంధ్రాలు తప్ప ఏమీ లేవు. నా పాత టోకెన్ దాని పక్కన పెట్టాను. పట్టదు. హబ్ కొనుక్కోండన్నాడు. గడువు చివరి రాత్రి హబ్ ఇంట్లో మరిచిపోతే సంతకం ఎవరు పెడతారు? నేను కొన్నదానికి మామూలు యూఎస్‌బీలు రెండు, హెచ్‌డీఎంఐ ఒకటి ఉన్నాయి. టైప్ సి కూడా అన్నీ ఒకటి కావు. కొన్ని డేటాకే, కొన్ని చార్జింగుకూ, స్క్రీనుకూ పనికొస్తాయి. మానిటరు తగిలించి చూపించాకే నమ్మాను.

సెకండ్స్ మీద మనసు లాగలేదని చెప్పను. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు, ఎలైట్‌బుక్‌లు వరసగా పేర్చి ఉన్నాయి. గట్టి హింజీలు, మంచి కీబోర్డులు, విప్పడం తేలిక. సొంతానికైతే అదే కొనేదాన్ని. కానీ మా సారుకు హనుమకొండలోని ఆఫీసుకే వచ్చి బాగుచేసే వారంటీ కావాలి.

బిల్లు దగ్గర నా వృత్తి నిద్రలేచింది. ల్యాప్‌టాప్ 52,000, దానిపై 18 శాతం జీఎస్టీ 9,360, మొత్తం 61,360. ఆఫీసు నంబరు బిల్లు మీదుంటే ఆ 9,360 క్రెడిట్‌గా తిరిగొస్తుంది. చీటీ తీసి ఒక్కో అక్షరం సరిచూసుకున్నాను. ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటర్‌పై తరుగుదల 40 శాతం. జనవరిలో కొన్నాం, మార్చి 31కి 180 రోజులు నిండవు కాబట్టి ఈ ఏడాదికి సగమే. మానిటరు 8,850, అంకెల మీటలున్న కీబోర్డు, మౌసు కలిపి 1,900, స్టాండు 900. అంతా 73,010. మిగిలింది 1,990.

ఆ మిగులు ఎలక్ట్రీషియన్‌కు పోయింది. ఆఫీసులో అన్నీ అమర్చాక స్టాండు మీద తెర కళ్ల ఎత్తుకు వచ్చింది, మోచేతులు బల్లకు సమంగా ఆనాయి, మెడ హాయిగా ఉంది. కానీ లోహపు మూత మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంది. వస్తువులో లోపం లేదు. మా గోడ ప్లగ్గుకు ఎర్త్ లేక, అడాప్టర్ నుంచి కొద్దిగా కారే కరెంటు నా చేతి గుండా దారి వెతుక్కుంటోంది. ఎర్త్ వైరు లాగించాక ఆగింది.

సాయంత్రం సారు వచ్చి చూశారు. "బాగుందమ్మా. ప్రాసెసర్ ఏంటి?" అంటూ మూత ఎడమ మూల పట్టుకుని ఎత్తబోయారు.

"సార్, మధ్యలో పట్టుకుని తెరవండి" అన్నాను.